తాళ్ళమెరక వాలు

పంచాయతీ ఆఫీసు డాబా మీది కెమెరా వదులై పక్కకు ఒరిగిపోవడంతో, తాళ్ళమెరక ఊరు మాఘమాసం నుంచి పడమటికి వాలి ఉంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. రోజూ పొద్దున్నే కార్యదర్శి ముకుందరావు గారు ఊరి ఫోటో తీసి పైకి పంపాలి. పంపిన ఫోటోలో ఊరు ఎలా ఉంటే ఊరు అలాగే ఉండాలి. అది నియమం.

తూర్పు వీధి మెరకయింది, పడమటి వీధి పల్లమయింది. జనం తొందరగానే అలవాటు పడ్డారు. మంచాలకు తూర్పు పక్క కోళ్ళు కురచగా కోయించుకున్నారు. బడిలో పిల్లలు వాలుగా నిలబడి ప్రార్థన చేశారు. తూర్పు వీధిలో చేయి జారిన గుమ్మడికాయ పడమటి వీధిలో ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ పూట వాళ్ళింట్లో పులుసయింది.

గుమ్మడికాయల వెనకే తూర్పు వీధి మురుగూ దొర్లుకుంటూ వచ్చి కోమలి వాళ్ళింట్లో చేరేది. తొమ్మిదో తరగతి చదువుతున్న కోమలీ, వాళ్ళ నాయనమ్మ పేరమ్మా మండు వేసవిలోనే చీలమండల లోతు నీళ్ళలో వంట చేసుకుంటున్నారు. వానలు పడితే ఆ మట్టిగోడలు నిలవవు.

"కార్యదర్శి గారిని అడగొచ్చు కదే," అంది పేరమ్మ.

"నాకు సిగ్గు, నాయనమ్మా."

"ఇంట్లోకి రావడానికి మురుక్కి లేని సిగ్గు, అడగడానికి నీకెందుకే?"

కోమలి డాబా ఎక్కేసరికి ముకుందరావు గారు కెమెరా స్టాండు పిడిని రెండు చేతులా బిగిస్తున్నారు. ఆ పిడి నొక్కితే స్టాండు తల తిరుగుతుంది, వదిలితే బిగుసుకుంటుంది. మండలంలోని మెకానిక్కులందరూ దాన్నే బిగించి, బిగించినట్టు సంతకాలు పెట్టి వెళ్ళారు.

"పిడి గట్టిగానే ఉందండి," అంది కోమలి నేల చూస్తూ. "దాని మీద కెమెరా ఒక్కటే ఊగుతోంది."

"పిడి వదులని రాసి పంపామమ్మా. ఇప్పుడు ఇంకోటి వదులంటే మళ్ళీ మొదట్నుంచి రాయాలి."

"రాయకుండా బిగిస్తేనండి?"

అది తాను చూడకుండా ఉంటే బాగుంటుందని ముకుందరావు గారు టీ తాగడానికి దిగిపోయారు.

కోమలి కెమెరాను దాని అడుగునున్న పలకతో సహా స్టాండు నుంచి ఊడదీసింది. రెంటినీ కలిపే స్క్రూ సగం బయటికి వచ్చి ఉంది. సైకిలు ట్యూబు ముక్కకు బెజ్జం పెట్టి, జారకుండా కెమెరాకూ పలకకూ నడుమ వేసి, రూపాయి బిళ్ళతో స్క్రూ బిగించింది. ఫోటో తీసి పైకి పంపింది. ఊరు కిర్రుమంటూ లేచి సమంగా నిలబడింది. పేరమ్మ ఇంట్లో పొయ్యి పొడిగా వెలిగింది.

మర్నాడు తూర్పు వీధి వాళ్ళు తమ మురుగు తమ గుమ్మం ముందే ఉండడం చూసి కంగారుపడ్డారు. ఊరు తూర్పుకు ఒరిగిపోయిందని ఆ వీధిలోని పెద్ద డాబా చలమయ్య ఫిర్యాదు చేశాడు. విచారణ అధికారి వచ్చి నేల మీద గోలీ పెట్టాడు. గోలీ కదల్లేదు. ఏదో అడ్డుపడుతున్నదని రాసుకున్నాడు.

"ఊరు సమంగా ఉందండి," అంది కోమలి.

"ఉందమ్మా, కనపడుతూనే ఉంది. పాత ఫోటోల్లో లేదు కదా."

"మా వీధిలో నడుస్తుంటే గుట్ట ఎక్కుతున్నట్టుందండి," అన్నాడు చలమయ్య. "మోకాళ్ళు పోతున్నాయి."

అధికారి రెండు వీధులకూ న్యాయం చేశాడు. స్క్రూ సగం వదులు చెయ్యాలి. అది ఎక్కడుందో తెలిసింది కోమలికే కాబట్టి, ఆ పని ఆమెకే అప్పగించి శాలువా కప్పారు.

"ఇక మురుగు పాదాల దాకానేగా వచ్చేది," అంది పేరమ్మ సంతోషంగా. "మనవరాలికి ఉద్యోగం కూడానూ."

కోమలి స్క్రూ సగం వదిలింది. కొత్త ఫోటో కోసం ఊరంతా డాబా కింద వరుసగా నిలబడింది. నవ్వమన్నాడు అధికారి. ఎవరూ చెప్పకుండానే పడమటి వీధి వాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నవ్వారు.