చెన్నకేశవప్ప చక్రసాహసము

పందొమ్మిదివందల అరువదిరెండవ సంవత్సర గ్రీష్మమున, ప్రచండమార్తాండకిరణతాపమునకు సూళగిరి కొండరాళ్లు పెనములై కాలుచుండగా, కృష్ణగిరి నుండి హోసూరునకు పోవు రాజమార్గపార్శ్వమున, అంకప్ప పంచరు కొట్టు ముంగిట ఒక మహాసంగ్రామము జరిగెను. వినుడు, నవ్వు వచ్చినచో ఆపుకొనకుడు.

గురుబరపల్లి మామిడితోటల కధిపతి, మీసాలంకృతముఖుడు, పరహితవాక్యబధిరుడు అగు చెన్నకేశవప్ప, మిలిటరీవారు వదిలించుకొన్న ముసలి లారీని కొని, అది ఐరావతమని భ్రమించుచు, మామిడికాయల గంపలతో హోసూరు సంతకు పోవుచు, టైరు పంచరై అచట నిలిచిపోయెను. ఆ లారీ చక్రము ఒక్క ముక్క కాదు. టైరును పట్టియుంచునది అంచునందలి విడి ఇనుపరింగు. అది తుప్పుపట్టి గాడిలో సరిగా కూర్చుండనిచో, గాలి నిండినంతనే ఊడి, శిరశ్ఛేదనోత్సుకమై ఎగురును.

అందుచేత అంకప్ప, పంచరు అతికి టైరు ఎక్కించి, చక్రమునకు లావుపాటి గొలుసు చుట్టబోయెను.

"చైను ఏమిటికప్పా?" అని ఆ వీరుడు మేఘగంభీరస్వరమున పలికెను. "మా ఇంట్లో ఎద్దుకు ముక్కుతాడు ఏసినాము గానీ, చక్రానికి ఏసింది లేదు. పొద్దెక్కుతా ఉంది. గాలి పట్టు."

అంకప్ప పలువరుసలోని ఖాళీని వ్రేలితో చూపెను. "పోయినేడు ఇట్లాంటి రింగే ఈడ తగిలిందప్పా. చైను లేకుండా నేను పట్టను."

"భయమైతే నువ్వు అవతలికి పో. నేనే పడతాను."

అని పలికి, గాలి గొట్టమును లాగికొని చక్రమునకు తగిలించి, ఉదరమే కవచముగా, అజ్ఞానమే శిరస్త్రాణముగా, ఆ మూర్ఖశిఖామణి చక్రమున కెదురుగా నిలిచెను. గాలి బుసకొట్టుచు లోనికి పోవుచుండెను. రింగు ఒకవైపు చిన్నగా పైకి లేచుట అతడు చూడలేదు, మీసము దువ్వుకొనుచుండెను.

చూచినది పక్క హోటలు పిల్లమ్మ. బోండాల జల్లిగరిటెతోనే వచ్చి, "సస్తే నీ ఇష్టమప్పా. మీ ఇంటామె నంజమ్మకు నేనేమి చెప్పల్ల? జరుగు" అని, ఆ మహారథుని భుజముమీది తువ్వాలును పట్టి ఈడ్చెను.

ఈడ్చిన క్షణముననే, పిడుగుపాటు వంటి చప్పుడుతో రింగు లేచి, అంతవరకు అతని పొట్ట ఉండిన చోటు మీదుగా దూసుకొనిపోయి, హోటలు రేకును చీల్చుకొని ఆవలి కొఱ్ఱచేనిలో పడెను. ఎవరికిని ఏమియు కాలేదు. చెన్నకేశవప్ప మాత్రము ఎంగిలిగ్లాసులు కడిగిన బురదలో సాష్టాంగపడియుండెను.

చాలసేపటికి అతడు లేచెను. చేతులు వెనుక కట్టుకొనెను.

"నేనే జరిగినాను," అనెను. "నువ్వు లాగినందుకు కాదు."

"సరేప్పా," అనెను పిల్లమ్మ. "ఇప్పుడు కూడా నువ్వే జరుగు."

అంకప్ప వేరొక రింగు తెచ్చి, గాడిలో దానిని సరిగా కూర్చుండబెట్టి, గొలుసు చుట్టి, గాలి యంత్రముపై చేయి వేసి వేచియుండెను. ఆ చుట్టుపట్ల పల్లెలలో ఎవని మాటకును తలవంచి ఎరుగని చెన్నకేశవప్ప, గొలుసును చూచి, రేకునకు పడిన రంధ్రమును చూచి, కంఠము సవరించుకొని, ఎవరును చూచుటలేదని నిశ్చయించుకొని, మందగమనమున రోడ్డు దాటి ఆవలిగట్టున నిలిచెను.

దిక్కులారా, ఆలకింపుడు. శిలాశాసనమునకు తగిన విజయము సిద్ధించినది. ఒక మగవాడు, చెప్పిన మాట విని, పక్కకు జరిగినాడు.