ఇరవై ఆరు రోజుల మెదడు

మనిషి మెదడు నెలకు ఇరవై ఆరు రోజులే పనిచేస్తుందని, మిగతా నాలుగు రోజులు దానికి జబ్బు చేసే అధికారం లేదని షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక అల్యూమినియం కంపెనీ కనిపెట్టింది. వైద్యశాస్త్రం ఇన్ని వందల ఏళ్లుగా తేల్చలేని సంగతిని ఆ కంపెనీ ఒక్క పూటలో, ఒకే ఒక్క ఎక్సెల్ షీటులో, లంచ్ బ్రేక్‌కు ముందే తేల్చిపారేసింది. ఇంత గొప్ప ఆవిష్కరణకు ఇంతవరకు ఏ బహుమతీ రాలేదు. (కనిపెట్టినవాడు టైమ్‌కీపర్ మరి. టైమ్‌కీపర్లకు బహుమతి ఇచ్చే సంప్రదాయం ప్రపంచంలో ఇంకా మొదలు కాలేదు.)

నాకెలా తెలుసంటారా, దానికి సంబంధించిన కాగితాలన్నీ టైపు చేసింది నేనే. నా పేరు ఖాజా. మాది బోధన్. పద్నాలుగేళ్లుగా ఇక్కడ టైపింగ్ సెంటర్‌లో కూర్చుంటున్నాను. ఈ దేశానికి మనిషి వచ్చినా, పోయినా, గది మారినా, పెళ్లాన్ని తెచ్చుకున్నా ముందు మా దగ్గర ఒక అర్జీ పుట్టాలి. మనవాళ్ల కష్టాల్లో నేను టైపు చేయనిది లేదనుకునేవాణ్ని. లింబాద్రి వచ్చి నా గర్వం అణిచాడు.

లింబాద్రిది మెట్‌పల్లి పక్కన పల్లె. వయసు నలభై. పదేళ్ల కిందట తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఫిట్స్. పొద్దున ఏడింటికొక గోలీ, సాయంత్రం ఏడింటికొక గోలీ. అవి వేసుకోవడం మొదలుపెట్టాక ఆరేళ్లుగా ఒక్క ఫిట్ కూడా రాలేదు. రోజూ సాయంత్రం ఏడు దాటగానే భార్య చంద్రవ్వ వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న పంపుతుంది: "గోలి ఏసుకున్నవా?" ఇతను బొటనవేలి బొమ్మ పెడతాడు. కంపెనీలో అతనిది కిటికీ ఫ్రేములకు ప్లాస్టిక్ చుట్టే పని. ఫిట్స్ ఉన్నవాడు కటింగ్ మిషన్ దగ్గర ఉండకూడదని డాక్టరు రాస్తే ప్యాకింగ్‌కు మార్చారు. (ఆ ఒక్క పని కంపెనీ సరిగ్గా చేసింది. ఎవరో పొరపాటు పడి ఉంటారు.)

ఊరి నుంచి తెచ్చుకున్న గోలీలు అయిపోయాక లింబాద్రి కంపెనీ వారి ఇన్సూరెన్స్ కార్డు పట్టుకుని క్లినిక్‌కు వెళ్లాడు. డాక్టరు నెలకు అరవై రాశాడు. కంపెనీ ఆరోగ్య యాప్ ఇరవై నిమిషాలు గిరగిరా తిరిగి యాభై రెండు మంజూరు చేసింది. లింబాద్రి రెండుసార్లు లెక్కపెట్టి, ఇది మిషన్ తప్పిదమనుకుని, కంపెనీ ఆఫీసులో శ్యాంప్రసాద్ దగ్గరికి వెళ్లాడు. నన్ను కూడా తోడు తీసుకెళ్లాడు, ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వస్తే చదివి చెబుతానని.

శ్యాంప్రసాద్ మొన్నటి దాకా టైమ్‌కీపర్. ఎవడు ఎన్నింటికి గేటు దాటాడో రాసేవాడు. ఇప్పుడు ప్రమోషన్ మీద 'ఆరోగ్య ప్రయోజనాల సమన్వయకర్త' అయ్యాడు. కుర్చీ మారింది గానీ షీటు మారలేదు.

"సార్, గోలీలు ఎనిమిది తక్కువొచ్చినయ్" అన్నాడు లింబాద్రి.

"తక్కువ రాలేదు. కరెక్టుగానే వచ్చాయి. నెలకు నీ డ్యూటీ ఎన్ని రోజులు?"

"ఇరవయ్యారు."

"రోజుకు రెండు. యాభై రెండు. ఖలాస్."

"మరి ఐతారం, సార్?"

"ఆదివారం నీకు వీక్లీ ఆఫ్. ఆఫ్‌లో ఉన్నవాడికి కంపెనీ గోలీ ఎందుకిస్తుంది? ఆ రోజు నువ్వు కంపెనీ మనిషివి కావు."

"కంపెనీ మనిషిని గాకున్నా మనిషినే గద సార్."

శ్యాంప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అలాంటి కాలమ్ తన షీటులో లేదన్నాడు.

షీటు ఒక్కటేనా, ఆయన పెద్ద విధానమే తయారు చేసి పెట్టాడు. 'ఔషధ హాజరు విధానం' అని పేరు. పదకొండు పేజీలు. ఈద్ సెలవుల్లో గోలీలు ఉండవు. రెండు గంటల ఓవర్‌టైమ్‌కు పావు గోలీ అదనం. పావు చేయడానికి కత్తి కావాలంటే స్టోరుకు ఇండెంటు పెట్టాలి. (లింబాద్రి వాడే గోలీని కోయకూడదు, నమలకూడదు, అలాగే మింగాలి. పాపం, దాన్ని తయారుచేసినవాళ్లకు ఓవర్‌టైమ్ గురించి తెలియదు.) వారాంతపు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారిన సంవత్సరం ఉద్యోగులందరికీ సర్క్యులర్ ఇచ్చారు కనుక, వారి మెదళ్లకు విడిగా తెలియజేయనవసరం లేదని ఏడో పేజీలో స్పష్టంగా రాసి ఉంది.

లింబాద్రి బుద్ధిమంతుడు. కంపెనీ ఇచ్చిన లెక్కను గౌరవించి మొదటి నెల ఆదివారాలు గోలీ మానేశాడు. మానేసినవి కూడగట్టినట్టు ఉంటుందని సోమవారం పొద్దున రెండు వేసుకున్నాడు. ఆ రోజంతా తల తిరిగి, గోడ పట్టుకుని నడిచాడు. చంద్రవ్వకు మాత్రం ఆదివారం కూడా బొటనవేలి బొమ్మ పెట్టాడు. తప్పెలా అంటాం? మన ఊళ్లో కూలి మనిషి పని చేయని రోజుకు ఏదీ అడగడు. అడగడం నామోషీ.

క్లినిక్‌లో నర్సు మరియకుమారి. పాలకొల్లు అమ్మాయి. లింబాద్రి ఈ సంగతి చెప్పగానే చేతిలో ఉన్న బీపీ మిషన్ బల్ల మీద పెట్టేసింది.

"అన్నయ్యగారూ, ఇదేవన్నా జ్వరం బిళ్లనుకున్నారా, ఉంటే వేసుకోడానికి, లేకపోతే మానేయడానికి? రోజూ ఒకే టైముకి పడాలండి. హఠాత్తుగా ఆపేస్తే ఆగకుండా వచ్చేస్తాయి ఫిట్సు, ప్రాణం మీదకొస్తాది. ఒకటి మర్చిపోతే తర్వాత రెండు మింగేయకండి, నాకు ఫోన్ చేయండి. ఆదివారం మీ మెదడేవన్నా చర్చికెళ్తాదేంటండీ?"

ఆమె అక్కడితో ఆగలేదు. డాక్టరు చేత సంతకం పెట్టించి కంపెనీకి ఉత్తరం రాసింది. నేనే టైపు చేశాను. 'ఈ మందు వారంలో ఏడు రోజులూ అవసరం' అన్న వాక్యం కింద గీత కూడా గీశాను. తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది: 'మీ సూచనను హృదయపూర్వకంగా స్వాగతిస్తున్నాము. ఏడో రోజు మందు అవసరమని నిరూపించడానికి, ఏడో రోజు ఫిట్ వచ్చినట్టు ధ్రువపత్రం జతచేయగలరు.'

ఫిట్ రావాలంటే గోలీ ఉండకూడదు. గోలీ కావాలంటే ఫిట్ రావాలి. నేనైతే ఈ కాగితాన్ని లామినేషన్ చేయించి పెట్టుకున్నాను.

ఇక్కడ అంజి సంగతి చెప్పాలి. కంపెనీ కూలీలుండే క్యాంపు గదిలో లింబాద్రి పై మంచం అతనిది. కోరుట్ల కుర్రాడు. అతనికి ఫిట్స్ లేవు, మనసు జబ్బు. ఒక్కోసారి వారం పాటు నిద్రపోకుండా, వెయ్యి ఆలోచనలతో ఉరుకులాడతాడు. ఆ తర్వాత నెలరోజులు గోడవైపు తిరిగి పడుకుంటాడు. కరీంనగర్ డాక్టరు రాసిన మందుతో రెండేళ్లుగా నిలకడగా ఉన్నాడు. చిత్రమేమిటంటే ఆ మందూ ఈ మందూ ఒకటే. ఫిట్సుకూ పనిచేస్తుంది, మనసు అదుపు తప్పకుండా చూడటానికీ పనిచేస్తుంది. అంజి కూడా కంపెనీకి అర్జీ పెట్టుకున్నాడు. దానికి శ్యాంప్రసాద్ రాసిన జవాబు ఇది: 'ఉద్యోగ ఒప్పందంలో మనసు ప్రస్తావన ఎక్కడా లేదు. ఉద్యోగి చేతులు, కాళ్లు, కళ్లు మాత్రమే కంపెనీ పరిధిలోకి వస్తాయి.'

అందుకని అంజి గోలీలు ఊరి నుంచి వస్తాయి. సెలవు మీద వెళ్లిన ప్రతివాడూ తిరిగొచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు డబ్బాతో పాటు, డాక్టరు చీటీ జతచేసి, అంజి గోలీలు తెస్తాడు.

క్యాంపులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా బదులివ్వడం. ఉప్పు, చొక్కా, చార్జర్, పెళ్లి చూపులకు ఫోటో దిగడానికి వాచీ, ఏదైనా సరే. లేదన్నవాడు మనిషే కాదు. ఒక ఆదివారం లింబాద్రి ఆ రోజుకు గోలీ లేని డబ్బా చూసుకుంటూ కూర్చుంటే పై మంచం మీది నుంచి అంజి చెయ్యి కిందికొచ్చింది.

"కాకా, గిదే గోలి నాదగ్గర ఉన్నది. తీస్కో."

"నీకు తక్కువైతయి గదరా."

"నాకు మంచిగనే ఉన్నది తియ్. నీది పానం సంగతి."

పేరు ఒకటే, రంగు ఒకటే. అంజిది రెండొందల మిల్లీగ్రాములు, లింబాద్రిది ఐదొందలు అన్న సంగతి ఇద్దరూ చూసుకోలేదు. అలా ప్రతి ఆదివారం ఒకడు సగానికి తక్కువ మందు వేసుకున్నాడు, ఇంకొకడు అసలు వేసుకోలేదు. కంపెనీ మిగిల్చిన ఎనిమిది గోలీలు ఒక రోగి స్థానంలో ఇద్దరిని తయారు చేశాయి. ఉత్పత్తి రెట్టింపు కావడమంటే ఇదే.

రెండో నెల చివర్లో అంజికి నిద్ర ఎగిరిపోయింది. ఉమ్ అల్ క్వైన్‌లో మేకల ఫారం పెడదామని, సగం వాటా ఇస్తానని ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, గదిలోకి నేరుగా వెళ్లి చెప్పాడు. (ముదీర్ దాని గురించి నాలుగు రోజులు సీరియస్‌గా ఆలోచించాడని వినికిడి.) ఆ తర్వాతి ఆదివారం పట్టపగలు, క్యాంపు వంటగదిలో కోడికూర కలుపుతూ లింబాద్రి గరిటెతో సహా పడిపోయాడు.

ఆరేళ్ల తర్వాత వచ్చిన ఫిట్. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, కూర కోసం. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురుగు, పొయ్యి మీద కాగుతున్న గిన్నె అతని తలకు జానెడు దూరంలో ఉంది. అంజి ఉరికొచ్చి మంట ఆర్పాడు, తల కింద తువ్వాల పెట్టాడు. మిగతావాళ్లు మన ఆచారం ప్రకారం తాళాల కోసం పరిగెత్తారు. రూముల తాళాలు, లాకర్ల తాళాలు, ఎవడిదో నిజామాబాద్‌లోని ఇంటి తాళం కూడా తెచ్చి అతని పిడికిట్లో కుక్కారు. నేను కూడా మా టైపింగ్ సెంటర్ తాళం ఇచ్చాను. నాకు చదువుంది, అయినా ఇచ్చాను. ఆ క్షణంలో చేతిలో ఇంకేమీ లేదు. కుదుపులు ఆగాక అంజి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మరియకుమారి, పడ్డప్పుడు చిట్లిన లింబాద్రి నుదుటికి కుట్లు వేయించి, తాళాల కథ విని తల పట్టుకుంది.

"ఇనప ముక్కలు చేతిలో పెడితే ఆగదండీ బాబూ. నోట్లో కూడా ఏమీ పెట్టకండి. పక్కకి తిప్పి, దెబ్బ తగలకుండా చూసి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి ఫోన్ చేయండి. ఇంక ఈ బదుళ్లేంటండీ? ఉప్పు బదులివ్వండి, మందు ఇవ్వకండి. ఈయన పవరు వేరు, నీ పవరు వేరు. అంజీ, నీకు మూడు రోజుల్నించి నిద్ర లేదు కదూ? కూర్చో నాన్నా. డాక్టరు గారు చూస్తారు నిన్ను కూడా."

అంజి కూర్చున్నాడు. రెండు నెలల్లో అతన్ని కూర్చోమన్నది ఆమె ఒక్కతే. ఆ రోజు లింబాద్రి ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పాడు. అవతల చంద్రవ్వ "గీ బొమ్మలు నాకు పంపకు" అని పెట్టేసింది.

ఆదివారం ఫిట్ వచ్చినట్టు ధ్రువపత్రం ఇప్పుడు దొరికింది కనుక డాక్టరు రెండో ఉత్తరం రాశాడు. అందులో మూడు మాటలు. ఏ రోజూ మందు తప్పకూడదు. కంటినిండా నిద్ర ఉండాలి. ఒళ్లు అలిసిపోయే పని, విశ్రాంతి లేని పని ఫిట్స్‌ను మళ్లీ తెస్తాయి. నేను టైపు చేస్తున్నంతసేపూ లింబాద్రి నుదుటి కట్టును తడుముకుంటూ ఒక్కటే అడిగాడు.

"ఖాజా సాబ్, అన్‌ఫిట్ అని ఇంటికైతే తోలరు గద?"

తోలలేదు. కంపెనీ విచారణ సంఘం వేసింది. శ్యాంప్రసాద్ అధ్యక్షుడు, శ్యాంప్రసాద్ కార్యదర్శి. సంఘం రెండుసార్లు సమావేశమై డాక్టరు మొదటి మాటను పూర్తిగా ఆమోదించింది. లింబాద్రికి ఇకపై నెలకు అరవై గోలీలు. పాత బకాయి కింద పదహారు కూడా ఇచ్చేశారు. (అంజి అర్జీ పరిశీలనలో ఉంది. మనసుకు కోడ్ నంబరు దొరకడం లేదట.) శ్యాంప్రసాద్ స్వయంగా మా సెంటర్‌కు వచ్చి ఉత్తర్వు టైపు చేయించాడు. ఆయన చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. రెండో పేరా దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.

"ఇదేంటి సార్?"

"పాలసీ మార్చడానికి నాకు పవర్ లేదు ఖాజా. డ్యూటీ ఉన్న రోజుకే గోలీ. అందుకే ఆయనకు ఆదివారం కూడా డ్యూటీ వేశాను. ఇప్పుడు ముప్పై రోజులూ కవర్ అవుతాయి. చూశావా, మనసుంటే మార్గం లేకపోదు."

"మరి డాక్టరు విశ్రాంతి అన్నాడు కదా?"

"గోలీలు రెగ్యులర్‌గా వేసుకునేవాడికి ఫిట్స్ రావు. ఫిట్స్ రానివాడికి రెస్ట్ ఎందుకు? యల్లా, కొట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. లేబర్ ఆఫీసుకు ఫిర్యాదు టైపు చేసిపెడతానని, పైసా తీసుకోనని లింబాద్రితో అన్నాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సాబ్. ఎట్లనో గోలీలస్తున్నయ్. మల్ల గెలికితే అవి గూడ బందైతయ్."

వారం తర్వాత శ్యాంప్రసాద్, కంపెనీకి కృతజ్ఞతా పత్రం రాయించుకు రమ్మని లింబాద్రిని నా దగ్గరికి పంపాడు. ఫైలులో ఉండాలట. అరబ్బీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండూ నేనే టైపు చేశాను. లింబాద్రి ఆవులిస్తూ చదివించుకుని, తప్పుల్లేవని నమ్మి సంతకం పెట్టాడు. కూర్చో, చాయ్ తాగి వెళ్దువు గానీ అన్నాను. కుదరదన్నాడు, ఆదివారం కదా, డ్యూటీకి లేటవుతోంది.