ముప్పై కిలోలతో రద్వా కొండెక్కిన వైనం

వాతావరణ శాఖను తక్షణం మూసేయాలని నా డిమాండు!

చెప్పాపెట్టకుండా వచ్చే వానను మించిన వరం ఈ భూమ్మీద లేదు. నమ్మరా? సౌదీలో యాన్బు దగ్గరి రద్వా కొండను వీపున బ్యాగుతో ఎక్కి దిగినవాణ్ణి చెబుతున్నాను. ముక్కు ఇంకా కారుతూనే ఉంది, కాబట్టి సాక్ష్యం తాజాదే.

ముందు పరిచయాలు. నేను ప్లాంటులో మీటర్లు చూసే టెక్నీషియన్ని, ఖాళీ దొరికితే పేపరుకు రాసి మిమ్మల్ని విసిగించేవాణ్ణి. నౌమాన్‌ది కడప, డ్రైవరు. ఇక్కడుండే కుటుంబాల మీద నెలనెలా కట్టే లెవీ పడ్డాక భార్య అఫ్షాన్‌ను ఊరికి పంపేశాడు. అప్పట్నుంచి సెలవు రోజున గదిలో కూర్చోలేక మమ్మల్ని ఎక్కడికో ఒకచోటికి లాక్కుపోతుంటాడు. ఇక మొండయ్య. జగిత్యాల దగ్గరి మనిషి, ఇరవై ఒక్క ఏళ్లుగా ఇక్కడ స్కాఫోల్డింగ్ కడుతున్నాడు.

ఈ మొండయ్య కంపెనీ నితాఖత్‌లో ఎరుపులో పడింది. సౌదీ వాళ్లకు సరిపడా ఉద్యోగాలివ్వని కంపెనీకి ఆ రంగు వేస్తారు. ఆ తర్వాత పనివాళ్ల అకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ కాదు. అయితే పచ్చలో ఉన్న మరో కంపెనీ ‘తీసుకుంటాం, ఆదివారం ఖాయం చేస్తాం’ అంది. తీసుకుంటే ఉంటాడు. లేదంటే ఖురూజ్, ఇంటికే! గురువారం నుంచి ఫోను కింద పెట్టని మనిషిని నౌమానే బయల్దేరదీశాడు.

“పా మామా, కొండమింద సిగ్నలు ఉండదు. ఆదివారం దాకా నిన్నెవరూ ఏమీ చేయలేరు!”

ఇక సర్దుడు. వీపున బ్యాగేసుకుని కొండెక్కడం తెల్లవాళ్ల సరదా. వాళ్లు టూత్‌బ్రష్షు కూడా సగానికి విరిచి పెట్టుకుంటారట. పాపం, అజ్ఞానులు! మా బ్యాగుల్లో పులి బొమ్మ బ్లాంకెటు, ట్యాంగ్ డబ్బా, బాదం పప్పు, టార్చిలైట్లు, నొప్పుల బామ్ డజను. చుట్టూ నైలాను తాడు, ఎనిమిది ముడులు. పైన కట్టిన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు!

కొండ కింద నౌమాన్ కొక్కెం కాంటా తీసి మొండయ్య బ్యాగును వేలాడదీశాడు.

“ముప్పై రెండుంది మామా. ఒప్పుకోరు. రెండు కిలోలు తీసేయ్.”

“ఔ, ఎక్కువుండద్దు. కౌంటర్ల పరేషాన్ జేస్తరు” అన్నాడు మొండయ్య.

నేనూ గంభీరంగా తలూపాను. కొండకు కౌంటరెక్కడిది? కన్వేయర్ బెల్టెక్కడిది? ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు! ఇన్నేళ్లుగా మాకు తెలిసిన ప్రయాణం ఒక్కటే, విమానంలో ఊరికి. ఫోనులో వాతావరణ సూచన ‘నిండు ఎండ’ అంది కదాని తూకం కోసం మూడు రెయిన్‌కోట్లు తీసి కారులో పడేశాం.

శనివారం మధ్యాహ్నం నిండు ఎండ రానే వచ్చింది. పావుగంట ఉంది. తర్వాత పొగమంచు. తర్వాత వాన. మళ్లీ ఎండ! హమ్మయ్య అని చొక్కాలు పిండుకుంటుంటే టపటపా వడగళ్లు!

పులి బ్లాంకెటు విప్పి ముగ్గురం దూరాం. ఇప్పుడు చెప్పండి, సూచన నిజమై, రెయిన్‌కోట్లు ఉండి ఉంటే ఏమయ్యేది? ముగ్గురం మూడు బండల కింద పొడిగా, మర్యాదగా, ఏడుపు మొహాలతో నిలబడేవాళ్లం. ఒకే పులి కింద ముగ్గురు మగాళ్లు ఇరుక్కుని, కడుపు పట్టుకుని నవ్వే భాగ్యం దక్కేదా?

“ఎండకే సస్త అనుకున్న గానీ, సల్లగ సచ్చేటట్టున్న!” అని మొండయ్య పకపకా నవ్వాడు. వడగళ్లు గ్లాసులోకి ఏరి, ట్యాంగ్ పొడి చల్లి ఐసు గోలా చేసి ఇచ్చాడు. మూడేసి గ్లాసులు లాగించాం. నాలుకలు నారింజ రంగయ్యాయి. రెండు రోజులు ఆయన ఒక్కసారి కూడా ఫోను చూడలేదు. ఇంత మేలు ఏ సర్కారు చేసింది?

ఆదివారం దిగాం. కింద మళ్లీ మామూలు ఎండే. కారు బానెట్ మీద బ్లాంకెటు అరగంటలో ఆరింది. అప్పుడే సిగ్నలొచ్చి ఫోను మెసేజితో మోగింది. మొండయ్య దాన్ని నౌమాన్ చేతికిచ్చాడు. నౌమాన్ చదివాడు, మళ్లీ చదివాడు.

“కంపెనీ పసుపులోకి పోయిందంట మామా. కొత్తోళ్లను తీసుకునేదానికి లేదంట.”

మేం ఎక్కేటప్పుడు అది పచ్చ. దిగేసరికి పసుపు.

 మొండయ్య బ్లాంకెటు మడిచి, బ్యాగులో పెట్టి, తాడు బిగించాడు. “కాంటా తియ్యి నౌమాన్.”

“ఇరవై ఆరు.”

“ఇంక నాలుగు కిలోల జాగ ఉన్నది. పిల్లలకేమన్న కొనాలె” అన్నాడు. అట్టముక్క మీది ఊరి పేరు వానకు చెరిగిపోయింది. స్కెచ్ పెన్ను నా చేతిలో పెట్టాడు. “పేపర్ల రాస్తవు గదనే అన్నా. జర పెద్దగ రాయి.”

రాశాను. పేరు, ఊరు, మండలం. ముక్కు కారుతోందేమని నౌమాన్ అడిగితే జలుబన్నాను. మీకూ అదే చెప్పాను.

అయ్యా వాతావరణ శాఖ వారూ, నా డిమాండును వెనక్కి తీసుకుంటున్నాను. వడగళ్ల ముందు కనీసం గాలి లేచింది, మబ్బు పట్టింది, గొర్రెలు పరుగెత్తాయి. మీరు కొండలూ వానలూ వదిలేసి, దయచేసి ఆ రంగులు మార్చే ఆఫీసు మీదికెళ్లి కూర్చోండి. తప్పు సూచనైనా ఫర్వాలేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఇక్కడున్న మనిషికి ఒక్క రోజు ముందు చెప్పండి చాలు.