అంబదాస్ అరెస్టు చేసిన బెల్లం దిమ్మలు

“వెంకటేశ్! హుజూరాబాద్‌ల నేరమింకా బతికున్నదంటే, గది నా దయ!” అని ప్రకటించాడు అంబదాస్. పగలు మరమగ్గాలు బాగుచేస్తాడు, తీరిక దొరికితే డిటెక్టివ్. వీడికి దోస్తు కావడం నా ఖర్మ.

ఆరోజు మమ్మల్ని కరుణాకర్ దుకాణానికి పిలిచింది మా పక్కింటి అనసూర్య. భర్త జబ్బు తగ్గితే మేడారం అమ్మలకు అతని బరువెత్తు బెల్లం ఇస్తానని మొక్కుకుంది. జబ్బు తగ్గింది. అక్కడే బెల్లం దిమ్మలు తీసుకుంది. అన్నీ ఒకే అచ్చువి. ఒక్కోటి పది కిలోలని అతనంటాడు, ఆమెకు నమ్మకం లేదు.

“తక్కువైతే మొక్కు చెల్లదన్నా. మల్ల ఆయనకు జ్వరమొస్తే ఎట్ల?” కళ్ళు తుడుచుకుంది అనసూర్య. మేడారం బస్సు వచ్చే వేళైంది.

“గింతేనా అక్కా! తరాజుల ఒక దిక్కు దిమ్మ, ఒక దిక్కు పది కిలోల తూకం బాటు పెడ్త. చూస్కో,” అన్నాడు కరుణాకర్.

“ఆగు!” గర్జించాడు అంబదాస్. “నేరస్థుణ్ణి ఒంటరిగ అడిగితే నిజం చెప్పడు. గుంపుల పెట్టాలె!”

తరాజు ఒక చిప్పలో రెండు దిమ్మలు పెట్టాడు. రెండో చిప్పలో ఒక దిమ్మ, పక్కన బాటు. తరాజు సరిసమానంగా నిలిచింది.

“సమానమే గదరా!” అన్నాను.

“గందుకే అనుమానం! రెండు దిక్కులా దిమ్మలే. ఒకదాన్నొకటి కాపాడుకుంటున్నయి. ఘోరమైన కుట్ర!”

“నీ కుట్ర పాడుగాను, బస్సు పోతదన్నా!” అంది అనసూర్య.

“ఫికర్ చెయ్యకు చెల్లె. దోషిని ఇప్పుడే పట్టిస్త,” అంటూ ఠీవిగా అడుగేసి గోనెసంచి తట్టుకున్నాడు. ఆసరా కోసం రెండు చేతులూ చాచాడు. ఈ చేతికి ఈ చిప్పలోని దిమ్మ, ఆ చేతికి ఆ చిప్పలోని దిమ్మ దొరికాయి. రెంటినీ కావలించుకుని దబ్బున కూలబడ్డాడు.

తరాజు కాసేపు ఊగి ఆగింది. ఇటు ఒక్క దిమ్మ, అటు ఒక్క బాటు. సమానం!

“రెండు దిక్కులకెల్లి ఒక్కతీరు బరువే తీసిండు. గందుకే తరాజు ఎటూ మొగ్గలే. దిమ్మ పది కిలోలే అక్కా!” ఎగిరి గంతేశాడు కరుణాకర్.

“అమ్మా, తల్లీ! ఇగ ఆయనకేం గాదు!” అని అనసూర్య ఏడుస్తూ నవ్వింది.

అంబదాస్ మాత్రం దిమ్మలు వదల్లేదు. “అసలు దోషి గీ రెండిట్ల ఒకటి. తేలేదాక బెయిల్ లేదు!”

బయట బస్సు హారన్ కొట్టింది.

“బెయిలెందుకన్నా? గట్లనే పట్టుకొని బస్సెక్కు!” అంది అనసూర్య.

ముద్దాయిలను మేడారం దాకా మోసుకెళ్ళిన డిటెక్టివ్ మావాడొక్కడే. మిగతావి మోసింది నేను.