మెరుగుపడుతున్న మొహం

ఆ రోజు ఉదయం ఎందుకయ్యగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. చుట్టచుట్టిన గ్రాఫు కాగితాన్ని చంకలో పెట్టుకుని, పనివాళ్లకంటే ముందే ఫ్యాక్టరీకి చేరాలి. గేటు ఎదుటి గోడకు దాన్ని అంటించాలి. పెద్దసారు కారు దిగగానే ముందు అదే ఆయన కంట పడాలి. అంతే. గ్రాఫులో ఫ్యాక్టరీ పనితీరు చూపే ఎర్రగీత మూడు నెలలుగా పైపైకే పోతోంది. దాన్ని ఎవరూ కిందికి దించకుండా కాపలా కాయడమే ఎందుకయ్యగారి ఉద్యోగం.

అది మొహం చూసుకునే అద్దాలు చేసే ఫ్యాక్టరీ. గాజుపలకలను కడిగి, ఆరబెట్టి, వెనకవైపు వెండిపూత పోసి, ఆ పైన రంగు కొడితే అద్దాలవుతాయి. ఆయన అక్కడ మెరుగుదల అధికారి. అసలు పేరు జీతం చీటీలో తప్ప ఎక్కడా వినిపించదు. ఏ లోపం కనిపించినా "ఎందుకు?" అని ఐదుసార్లు అడిగితే మూలకారణం దానంతట అదే బయటికి వస్తుందని ఎక్కడో శిక్షణలో నేర్చుకుని వచ్చారు. ఆ మర్నాటి నుంచే ఎందుకయ్య అయిపోయారు.

వచ్చినప్పటినుంచీ ఆయన దేన్నీ ఉన్నచోట ఉండనివ్వలేదు. చీపుళ్లు తగిలించే గోడమీద చీపుళ్ల బొమ్మలు గీయించారు. నేలమీద పసుపు గీతలు కొట్టించి, గీత దాటినవాళ్లకు పనితీరు మార్కులు తగ్గించారు. అన్నిటికంటే ఆయన గర్వపడేది తనిఖీ బల్లను చూసి. ఇదివరకు కడిగిన పలక నేరుగా పూతకు వెళ్లిపోయేది. ఆయన మధ్యలో ఒక బల్ల వేయించి, ఉదయంపూట వచ్చే పలకలన్నీ స్వయంగా పరీక్షించేవారు. దూరపు చూపు కళ్లజోడు తీసేసి, పలకకు ఆనుకునేంత దగ్గరికి వంగి చూసేవారు. ఆ పని ఇంకొకరి కంటికి అప్పగించడం ఆయన వల్ల కాలేదు.

ఆ ఉదయం గ్రాఫుతో గేటు దగ్గరికి వచ్చేసరికి, గోడకు ఒక అద్దం తిప్పి ఆనించి ఉంది. కాపలావాడు దానికి దూరంగా, ఎండలో నిలబడి ఉన్నాడు. పక్కన మంగలి షాపు యజమాని కూర్చుని ఉన్నాడు.

"అద్దంలో మొహం ఉంది సార్," అన్నాడతను.

"అద్దంలో మొహం లేకపోతే ఇంకేం ఉంటుందయ్యా?"

"ఉంటుంది సార్. కానీ నాది కాదు. గడ్డం గీయించుకునేవాడిదీ కాదు. సగం గీశాక తలెత్తి చూశాడు. తన వెనకాల ఎవరో నోరు తెరుచుకుని అరుస్తున్నారని కుర్చీలోంచి లేచి పారిపోయాడు. మిగతా సగం గడ్డానికి ఇంకా రాలేదు."

ఎందుకయ్యగారు నవ్వుతూ అద్దాన్ని ఇటు తిప్పారు. మొదట తన మొహమే కనిపించింది. అద్దాన్ని కొంచెం వంచగానే వెలుగు ఏటవాలుగా పడింది. నీళ్లడుగు నుంచి పైకి తేలుతున్నట్టు ఒక బూడిదరంగు మొహం నెమ్మదిగా లేచింది. నుదురు, ముక్కు, దాని కింద గుండ్రంగా తెరుచుకున్న నోరు. కళ్లు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఆయన గ్రాఫును విప్పకుండానే మళ్లీ చంకలో పెట్టుకున్నారు.

కడిగే విభాగాన్ని చూసుకునే ఆవిడను అందరూ అక్క అంటారు. ఆ ఫ్యాక్టరీలో అందరికంటే పాత మనిషి. ఎందుకయ్యగారు తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్లారు.

"ఈ మరక ఎందుకొచ్చిందమ్మా?"

"పూత సరిగ్గా అంటలేదు కాబట్టి సార్."

"ఎందుకు అంటలేదు?"

"పలకమీద తేమో జిడ్డో ఉండి ఉంటుంది."

"ఎందుకుంది?"

"కడిగాక చాలాసేపు ఆగుతోంది కాబట్టి."

"ఎందుకాగుతోంది?"

"మధ్యలో బల్ల ఉంది కాబట్టి."

"బల్ల ఎందుకుంది?"

"మీరు వేయించారు కాబట్టి సార్."

"ఐదో జవాబు తప్పు. మళ్లీ మొదటినుంచీ వద్దాం," అన్నారాయన.

మళ్లీ మొదలుపెట్టినా అక్కడికే వచ్చింది. పూత పోసేవాణ్ని అడిగారు, రంగు కొట్టేవాణ్ని అడిగారు, చివరికి లారీ డ్రైవర్ని అడిగారు. ఒకడు కరెంటుతో మొదలుపెట్టాడు, ఒకడు వానతో మొదలుపెట్టాడు. ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా ఐదో మెట్టు మీద ఆయనే నిలబడి ఉన్నారు. ఏ సందులోకి తిరిగినా అదే తలుపు ఎదురవుతున్నట్టు ఉంది ఆయనకు. వీళ్లంతా ముందే కూడబలుక్కున్నారని నిర్ణయించుకుని, నివేదికలో కారణం దగ్గర "కడగడంలో నిర్లక్ష్యం" అని రాసి, పరిష్కారం దగ్గర "తనిఖీ రెట్టింపు" అని రాశారు.

ఆ మర్నాటి నుంచి ప్రతి పలకనూ రెండేసిసార్లు చూడసాగారు.

వారం తిరక్కుండానే బట్టలకొట్టువాళ్లు ఫోన్ చేశారు. బట్టలు తొడిగి చూసుకునే గదిలోకి వెళ్లినావిడ కొత్త గౌనూ, పాత చెప్పులూ అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తిందట. తిరిగొచ్చిన అద్దాన్ని వెలుగుకు వంచి చూస్తే ఈసారి మొహాలు రెండున్నాయి. ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని, రెండూ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"దయ్యానికి పెళ్లయింది," అన్నాడు రంగు కొట్టేవాడు.

"ఇక పిల్లలే తరువాయి," అని గొణిగాడు పూత పోసేవాడు. అతను ఆ రోజునుంచి కళ్లు మూసుకుని పూత పోయడం మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుంటే దయ్యం కనబడని మాట నిజమే గానీ పలకా కనబడదు. రోజూ నాలుగు పగిలేవి. అద్దం పగిలిన చప్పుడుకు ఇంకొకడు ఉలిక్కిపడి ఇంకోటి పగలగొట్టేవాడు. తయారైన అద్దాలన్నిటినీ గోడవైపు తిప్పిపెట్టారు. వాటి మధ్య నడిచేటప్పుడు అందరూ తలలు దించుకునేవాళ్లు. యంత్రాలు తిరుగుతున్నా ఫ్యాక్టరీ అంతా ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు నిశ్శబ్దంగా ఉండేది. గ్రాఫులో ఎర్రగీత కాలు జారి కింద పడింది.

పెద్దసారు ఎందుకయ్యగారిని పిలిపించారు.

"శుక్రవారం సమీక్ష ఉందయ్యా. కారణమైనా చూపించు, మనిషినైనా చూపించు."

కారణం దొరకలేదు కాబట్టి ఎందుకయ్యగారు మనిషిని చూపించారు. అక్క పనితీరు కాగితంలో అన్నిటికంటే కింది గడిలో టిక్కు పెట్టారు. ఆ గడిలో పడ్డవాళ్లెవరూ మరుసటి నెల గేటు లోపల కనిపించరు. ఆవిడ ఇంట్లో ఇద్దరు పిల్లలు కాలేజీకి వెళ్తున్నారని ఆయనకు తెలుసు. సంతకం పెట్టమని కాగితం ఇస్తే ఆవిడ గొడవ చేయలేదు.

"నేను కడిగిన పలకలో మీకెప్పుడైనా ఒక్క చుక్క కనిపించిందా సార్?" అని మాత్రం అడిగింది.

ఆయనకు ఏనాడూ కనిపించలేదు. సంతకం చేయాల్సిన చోటును వేలితో చూపించారు.

గురువారం సాయంత్రం రెండు మొహాల అద్దాన్ని దుప్పటిలో చుట్టి ఇంటికి తీసుకొచ్చారు. రేపటి సమీక్షలోపు ఏదో ఒకటి తేలుతుందేమోనని ఆశ. దుప్పటి తీసి ముందుగదిలో కిటికీ పక్కన నిలబెట్టగానే భార్య కెవ్వుమని వంటింట్లోకి పరిగెత్తింది. నెల రోజులు ఉండి పోదామని వచ్చిన అత్తగారు మాత్రం కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నారు. తల అటు వంచి చూశారు, ఇటు వంచి చూశారు.

"ఈ మనిషి నాకు తెలుసు," అన్నారు.

ఎందుకయ్యగారు ఆవిడ కుర్చీ పక్కకు వచ్చారు. "ఎవరత్తయ్యగారూ?"

"ఆ ముక్కు చూడండి అల్లుడుగారూ. కొసన ఎడమవైపుకు తిరిగింది. మీ పెళ్లికి ముందు నేను వద్దన్న ముక్కు ఇదే."

"అమ్మా!" అంది వంటింట్లోంచి భార్య.

"ఉన్నమాట అంటే ఉలుకెందుకే? నువ్వే వచ్చి చూడు."

ఎందుకయ్యగారికి ఒళ్లు మండింది. ఈ మరకకూ తనకూ ఏ సంబంధమూ లేదని అప్పటికప్పుడు తేల్చేయాలనుకున్నారు. రోజూ బల్ల దగ్గర చేసేదే చేశారు. కళ్లజోడు తీశారు, వంగారు. నుదురూ ముక్కూ అద్దానికి తగిలాయి. మరక ఉంటే ఆవిరిలో బయటపడుతుందని ఎప్పటిలాగే నోరు గుండ్రంగా తెరిచి "హా" అని ఊదారు.

"ఏమండీ, కదలకండి!" అని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన భార్య అరిచింది.

ఆయన మెల్లగా వెనక్కి జరిగారు. అద్దంమీద ఆవిరి పట్టింది. నుదుటికి నుదురు, ముక్కుకు ముక్కు, నోటికి నోరు. ఆవిరి మొహం లోపలి రెండు మొహాల్లో ఒకదానిమీద అంగుళం అటూ ఇటూ కాకుండా కూర్చుంది. తర్వాత ఆవిరి అంచులనుంచి ఆరిపోతూ వచ్చింది. లోపలిది మాత్రం ఆరలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

బల్లమీదికి వచ్చిన ప్రతి పలకమీదా మూడు నెలలుగా తన మొహాన్ని తానే అచ్చు వేశారు. దానిమీద వెండి పోసి ఊళ్లమీదికి పంపారు. తనిఖీ రెట్టింపు చేసి మొహాన్నీ రెట్టింపు చేశారు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట," అని అత్తగారు కుర్చీలోంచి లేచి వెళ్లిపోయారు.

ఎందుకయ్యగారు మాత్రం లేవలేదు. ఒక ఆలోచన పిల్లిలా చప్పుడు లేకుండా వచ్చి పక్కన కూర్చుంది. రేపు తను ఊరుకుంటే చాలు. అక్క వెళ్లిపోతుంది. తను ఊదడం మానేస్తారు. మొహాలు ఆగిపోతాయి. ఆవిడ పోయింది, దయ్యం పోయింది అంటారందరూ. గీత మళ్లీ పైకి లేస్తుంది. ఇంత శుభ్రమైన పరిష్కారం ఆయనకు ఉద్యోగంలో ఎప్పుడూ దొరకలేదు. కిటికీలోంచి చివరి వెలుగు పోతుంటే అద్దంలోని రెండు నోళ్లవైపు చూశారు. అవి అరుస్తున్నట్టు లేవు. ఏదో చెప్పబోయి ఆగినట్టున్నాయి. ఆయన లేచి దుప్పటి కప్పేశారు గానీ, అన్నానికి వెళ్లకుండా అక్క పనితీరు కాగితాన్ని ముందేసుకుని కూర్చున్నారు.

శుక్రవారం పెద్దసారు గదిలో అక్క ఒక పక్కగా నిలబడి ఉంది. కుర్చీలో ఎవరో కొత్తమనిషి. పొడుగ్గా, సన్నగా, నల్లచొక్కా వేసుకుని ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పవయ్యా, మూలకారణం ఏమిటి?" అన్నారు పెద్దసారు.

ఎందుకయ్యగారు అక్కవైపు చూడకుండా మొదలుపెట్టారు. "మరక ఎందుకొచ్చింది? పలకమీద జిడ్డుంది కాబట్టి. జిడ్డెందుకుంది? నా నుదురూ ముక్కూ తగిలాయి కాబట్టి. ఎందుకు తగిలాయి? నేను వంగి ఊదాను కాబట్టి. ఎందుకు ఊదాను? కడిగినావిడ మీద నమ్మకం లేదు కాబట్టి." ఇక్కడ ఆయన అక్కవైపు తిరిగారు. "ఎందుకు లేదు? నేను తప్ప ఎవరూ పని సరిగ్గా చేయరనుకున్నాను కాబట్టి. అంతే సార్."

ఆవిడ పనితీరు కాగితాన్ని తీసి తానే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. తన రాజీనామా కోసం జేబు తడుముకున్నారు. నల్లచొక్కా మనిషి లేచి వచ్చి, ఎందుకయ్యగారి మొహాన్ని వెలుగువైపు తిప్పి చూశాడు.

"అయితే ఆ మొహం మీదేనా?"

"నాదే."

"నేను ఊరూరా తిరిగి ఎగ్జిబిషన్లలో దయ్యాల ఇల్లు నడుపుతానండీ. మంగలిషాపతని దగ్గర మీ అద్దం సంగతి విన్నాను. ఇన్నేళ్లలో ఇంత నిజమైన మొహం నేనెక్కడా చూడలేదు. నాకు గదికొకటి కావాలి. నెలనెలా కావాలి. అన్నీ ఒకేలా ఉండాలి."

పెద్దసారు మొహంలో రంగు తిరిగి వచ్చింది. "మా దగ్గర ప్రతిదీ ఒకేలా ఉంటుందండీ. దానికే కదా ఈయన్ని పెట్టుకున్నాం."

సోమవారానికల్లా కొత్త ఏర్పాటు అమలైంది. మామూలు అద్దాల పలకలు మునుపటిలా నేరుగా పూతకు పోసాగాయి. తనిఖీ బల్లను మూలకు జరిపి, దయ్యాల ఇంటి పలకలు అక్కడ పెట్టారు. వాటిమీద ఊదడం ఎందుకయ్యగారి పని. ఊదినవాటిని చూసి మార్కులు వేయడం అక్క పని. ఆవిడ మనసులో ఏమీ పెట్టుకోలేదు. పనిలో మాత్రం మొహమాటపడేది కాదు.

"నిన్నటి దానికంటే నోరు చిన్నదయింది సార్. ఇంకాస్త భయపడండి."

"ఇంతేనమ్మా వస్తోంది."

"మొదట్లో బాగా భయపడేవారు. ఇప్పుడు అలవాటైపోయింది మీకు."

ఆ నెల ఆయనకు వచ్చినవి బొటాబొటి మార్కులు. ఆయన పట్టుదలగా ఇంట్లో స్నానాలగది అద్దం ముందు సాధన మొదలుపెట్టారు. అత్తగారు తన గదికి గడియ పెట్టించుకున్నారు. గీత మళ్లీ మెల్లమెల్లగా పైకి పాకింది.

అంతలో వానలు పట్టుకున్నాయి. ఎందుకయ్యగారికి జలుబు చేసి, జలుబు జ్వరమై, వారం రోజులు మంచంమీదే ఉన్నారు. ఊదడం మాట దేవుడెరుగు, ఊపిరి తీసుకోవడమే కష్టమైంది. ఆర్డరు ఆగిపోయి ఉంటుందని, పెద్దసారు కేకలేస్తారని దిగులుపడుతూ, ఒళ్లు కుదుటపడగానే మఫ్లరు చుట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లారు. చూస్తే లారీ దగ్గర దయ్యాల ఇంటి అద్దాలు ఎప్పటికంటే ఎక్కువే కట్టి సిద్ధంగా ఉన్నాయి.

"వీటిమీద ఎవరు ఊదారమ్మా?"

"మీరే కదా సార్," అంది అక్క. "రోజూ మేం వచ్చేసరికే పలకలన్నీ ఊది పెట్టి ఉండేవి. పెందలాడే వచ్చి పని చూసుకుని వెళ్లిపోతున్నారనుకున్నాం. మార్కులు కూడా పూర్తిగా వేశాను."

"నేను మంచం దిగలేదమ్మా."

అక్క లారీకి దూరంగా జరిగింది. ఎందుకయ్యగారు ఒక అద్దానికి కట్టిన కాగితం విప్పి వెలుగుకు వంచారు. నుదురు లేచింది. కొసన ఎడమవైపుకు తిరిగిన ముక్కు లేచింది. గుండ్రటి నోరు లేచింది. తర్వాత, ఊపిరితో ఎవరూ అచ్చు వేయలేని చోట, రెండు కళ్లు నిదానంగా తెరుచుకుని ఆయనవైపు చూశాయి. ఇంకోటి విప్పారు. దాంట్లోనూ ఉన్నాయి.

వెనకనుంచి పెద్దసారు వచ్చి, అద్దాన్నీ గోడమీది గ్రాఫునూ మార్చి మార్చి చూసి, ఆయన భుజం తట్టారు.

"చూశావా ఎందుకయ్యా, మెరుగుదల అంటే ఇదీ. మనిషి సెలవు పెట్టినా అది పెట్టదు."