మెర్వ్ మావయ్య షౌటు

శనివారం పొద్దున్నే టెస్ హాలిగన్ పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దుగూకేలోగా వుండారా అనే పల్లెటూరి పబ్‌లో తాను కాచిన బీరు పీపా ఒకటి ఖాళీ కావాలి. అయితే పబ్ యజమాని క్లారీ ఆమె బీరుకు శాశ్వతంగా ఒక కుళాయి ఇస్తాడు. ఖాళీ కాకపోతే బట్టీ మూసేసి మళ్ళీ బ్రిస్బేన్‌లో ఎవరి కిందో పని చూసుకోవాలి. బ్రిస్బేన్‌లో చిన్న బట్టీల్లో కాచే క్రాఫ్ట్ బీర్లు వీధికి నాలుగు రకాలు దొరుకుతాయి. వుండారాలో నలభై ఏళ్ళుగా ఒక్కటే దొరుకుతుంది. దానికి పేరు కూడా చెప్పరు, "ఒకటి పొయ్యి" అంటారు, అంతే.

తనే తాగి ఖాళీ చేసిందన్న మాట రాకూడదని టెస్ చుక్క కూడా ముట్టుకోలేదు.

పదకొండింటికి మేనమామ మెర్వ్ వచ్చాడు. ఆయన గొర్రెల ఉన్ని కత్తిరించి నడుము వంగిన మనిషి. పట్నం బీరంటే ఒళ్ళుమంట. మేనకోడలి ముఖం చూసి, ఆ రోజుకు ఆమె పేరు రాసి పెట్టిన కొత్త కుళాయిలోంచి ఒక గుక్క తీసుకున్నాడు, వెంటనే కిటికీలోంచి ఉమ్మేశాడు.

"ఇదేంటే తల్లీ, గొర్రెల మందు పోశావ్?"

"పువ్వుల వాసన వస్తుంది మావయ్యా. అలవాటు పడాలి."

"పువ్వులు నేను పోయాక ఎలాగూ వేస్తారు. అప్పుడు చూస్కుంటాలే."

అక్కడితో ఊరుకుంటే మెర్వ్ ఎలా అవుతాడు? ఈ పిచ్చి ఇవాళే వదిలించాలని పంతం పట్టి, "నా షౌటు" అన్నాడు. షౌటంటే అందరికీ ఆయన ఖర్చుతోనే పోయిస్తాడు. ఆయన చెప్పిందే అందరూ తాగాలి. తాగినవాడు తన వంతు పోయించేదాకా కదలకూడదు. కదిలినవాడి పరువు ఆ ఊళ్ళో మనవల కాలానికి కూడా కోలుకోదు. మెర్వ్ చెప్పింది ఎప్పటి బీరు వచ్చే పాత కుళాయి.

పదిహేను మంది ఇరుక్కున్నారు. టెస్ గ్లాసులు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళినా, షౌటులో ఉన్నామమ్మా అని తల దించుకున్నారు. ఆమె వదల్లేదు. రోడ్డు మీదికెళ్ళి లారీలు ఆపి డ్రైవర్లను లోపలికి తోలుకొచ్చింది. గుమ్మంలోనే మెర్వ్ వాళ్ళను షౌటులోకి లాక్కున్నాడు. ఫుట్‌బాల్ జట్టును పిలుచుకొస్తే జట్టునీ మింగేశాడు. ఆమె ఎంతమందిని తెస్తే పాత కుళాయి దగ్గర అంత రద్దీ. జాలిపడి ఆమె బీరు కొన్నది నర్సు జాయ్‌లిన్ ఒక్కతే. తాగి, రోజూ తాగేదానికీ దీనికీ తనకేం తేడా తెలియలేదంది. టెస్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"బీరంటే ఇదీ!" అన్నాడు మెర్వ్ తొమ్మిదో గ్లాసు ఎత్తి. "ఇవాళ మరీ కమ్మగా ఉంది."

నాలుగింటికి పాత కుళాయి బుసకొట్టి నురగ కక్కింది. పీపా మార్చడానికి చల్లగదిలోకి వెళ్ళిన క్లారీ ఎంతకీ రాలేదు. వచ్చాక మెర్వ్ వైపు చూడకుండా, పొద్దున రెండు పీపాల గొట్టాలూ అటుదిటూ ఇటుదటూ తగిలించానని గొణిగాడు.

"అంటే?" అంది టెస్.

"ఖాళీ అయింది నీ పీపానే. పాతది నిండుగానే ఉంది."

పబ్బంతా మెర్వ్ ముఖమే చూసింది. టెస్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని బండిలోంచి రెండో పీపా దొర్లించుకొచ్చింది. క్లారీ దాన్ని ఆమె పేరున్న కొత్త కుళాయికి తగిలించబోయాడు.

"ఒరేయ్ క్లారీ," అన్నాడు మెర్వ్ గ్లాసు ముందుకు తోస్తూ, "పాత కుళాయికే పెట్టు. కొత్తదానికి పెడితే రుచి చెడుద్ది."