పాదరసం పన్ను

ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే రీడరుగారికి, సాయంత్రం రైలుకి తన తమ్ముడు వస్తున్నాడని, స్టేషన్‌కి వెళ్ళమని భార్య మూడుసార్లు చెప్పింది. ఆయన మూడుసార్లూ ఊఁ కొట్టి, సరాసరి తన ఆఫీసు స్టోర్‌కీపర్ ఇంటికి క్యారమ్స్ ఆడటానికి పోయాడు. బావమరిది రెండు పెట్టెలు మోసుకుంటూ వానలో తడిసి ఇల్లు చేరాడు.

నిజం చెబితే ఆవిడ ఈ జన్మలో మళ్ళీ స్ట్రైకర్ ముట్టనివ్వదు. అందుకే ఆయన "మర్చిపోయాను" అన్నాడు. ఆవిడ నమ్మలేదు. రెండు రోజులు ఆయన కంచంలో చారే పడింది.

మూడో రోజు పేపర్లో ఒక ముక్క కనబడింది. పుచ్చిపళ్ళలో నింపే వెండిరంగు సిమెంటులో పాదరసం ఉంటుందట. ఆయన నాలుక వెంటనే ఎడమ దవడ పన్నుని తడిమింది. పదిహేనేళ్ళ కిందట నింపించుకున్నది అదే! ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమే, నాది మతిమరుపు కాదు, విషం! ఈ పంట్లో పాదరసం బుర్రకెక్కింది."

"పాదరసం ఎక్కితే బుర్ర చురుగ్గా పనిచెయ్యాలి కదండీ?"

"అది మాటవరసకే. ఇది డాక్టర్లు చెప్పే పాదరసం."

ఆవిడ సూదీ దారం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళింది. గెలిచాననుకున్నాడు పాపం.

మర్నాడు ఆయన చొక్కా జేబు మీద ఇంటి అడ్రసు కుట్టి ఉంది. "దారి మర్చిపోతే ఎవరో ఒకరు తెచ్చి దింపుతారు," అంది భార్య. బావమరిది ఆయన్ని చెయ్యి పట్టుకుని ఆఫీసు దాకా నడిపించాడు. సాయంత్రం ఆటకి పిలవడానికి స్టోర్‌కీపర్ వస్తే ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

"విషం ఎక్కిందండీ. మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నారు."

"నేను పోల్చుకున్నానే!" అని లోపల్నుంచి అరిచి, ఆయన నాలుక కరుచుకున్నాడు.

శనివారం పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది.

"డాక్టరమ్మా, ఆ పన్ను పీకెయ్యండి. ఆయన ఎంత అరిచినా ఫర్లేదు."

కుర్చీలో ఉన్నాయన రెండు చేతులతో దవడ పట్టుకున్నాడు. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసింది.

"పాదరసం ఉన్న మాట నిజమే. వెండి, తగరం, రాగితో కలిసి గట్టిపడి ఉంది. ఆవిరి కొద్దిగా వస్తుంది గానీ, చాలామందికి దానివల్ల హాని ఉందనడానికి ఆధారం లేదు. బాగున్నదాన్ని తవ్వితేనే ఆవిరి ఎక్కువ లేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళకీ, అది పడనివాళ్ళకీ అయితే కొత్తగా పెట్టం."

"ఈయన కడుపుతో అయితే లేరు," అంది భార్య.

"మరి నా మతిమరుపు?" అన్నాడాయన ఆశగా.

"ఒక్క పన్నుతోనా? నేనెప్పుడూ వినలేదండీ. గార మాత్రం బాగా పట్టింది, తీసేస్తాను. నోరు పెద్దగా తెరవండి."

పని చివరికొచ్చింది. స్టూలు మీంచి భార్య నిట్టూర్చింది.

"పాపం, ఆ రోజు క్యారమ్స్‌లో చిత్తుగా ఓడిపోయారట కదండీ. స్టోర్‌కీపర్ గారు వీధంతా చెబుతున్నారు."

నోట్లో దూది ఎగిరి పడింది. ఆయన లేచి కూర్చున్నాడు.

"ఓడిపోవడమా! ఇరవైతొమ్మిది–పదకొండు! రెడ్డు కూడా నేనే వేశాను! సరిగ్గా ఆరుంబావుకి మొదలెట్టి..."

అక్కడ ఆగాడు. రైలు వచ్చింది ఆరున్నరకి.

"చూశారా డాక్టరమ్మా," అంది భార్య తాపీగా. "బుర్ర పాదరసంలా పనిచేస్తోంది."

ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసింది.

"అయిపోయిందండీ. ఇక మీరు నోరు మూసుకోవచ్చు."